వానలు పడంగనే

ద్వాలి మొదటిసారి మా షాపుకు వచ్చిన రోజు నేను ఆమె మీద విసుక్కున్నాను. జూలూరుపాడు సెంటర్‌లో నాది మీసేవ, జిరాక్స్ షాపు. కులం సర్టిఫికెట్లకు, ఆధార్ మార్పులకు వచ్చిన జనం కౌంటర్ మీద పడి ఉన్నారు. కరెంటు ఏ నిమిషాన పోతుందో తెలియదు. ఆ గొడవలో ఈమె వచ్చి పాస్‌పోర్టు దరఖాస్తు పెట్టాలంది. తన పేరు చెప్పింది, తండా పేరు చెప్పింది. భర్త పేరు అడిగేసరికి నోరు మూతపడింది.

"భర్త పేరు చెప్పమ్మా."

"మా లిఖిత వాళ్ల నాయిన."

"గట్ల రాస్తే పాస్‌పోర్టు ఇయ్యరు. పేరేంది?"

ఆమె పక్కకు తిరిగి కూతురి వైపు చూసింది. కొత్తగూడెంలో డిగ్రీ చదివే ఆ పిల్ల తల వంచుకుని "జగదీష్" అంది. "మొగుడి పేరు పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందో లేదో గానీ నా టైమ్ మాత్రం తగ్గుతుంది" అన్నాను. వెనకున్న వాళ్లు నవ్వారు. ద్వాలి నవ్వలేదు, నొచ్చుకోనూ లేదు. పని అయ్యేదాకా అలాగే నిలబడింది. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ దేన్నీ చూడటం లేదు.

ఏ దేశమని అడిగితే జాంబియా అంది. దుబాయ్, మస్కట్ వెళ్లేవాళ్ల కాగితాలు చాలా చూశాను గానీ జాంబియా ఎక్కడుందో నాకూ తెలియదు. ఆఫ్రికాలో కింది వైపు ఉంటుందని లిఖిత ఫోన్లో చూపించింది. పనికి పోతున్నావా అంటే కాదంది. "మనిషిని వెతకాలె" అంది.

ఆ తర్వాత చాలాసార్లు వచ్చింది, మాకు స్నేహం కుదిరింది. స్నేహమంటే మాట్లాడేది నేను, వినేది ఆమె. ఆమె నోటి నుంచి ఒక సంగతి రాబట్టాలంటే ఎండిన బావిలో చేద వేసినట్టే. ఇక్కడ నేను చెప్పేదంతా అలా ఏళ్ల తరబడి తోడుకున్నదే.

దీపావళి అమావాస్య నాడు పుట్టింది కాబట్టి ఆమెకు ద్వాలి అని పేరు పెట్టారు. వాళ్ల తండా అడవి మొదలయ్యే చోట ఉంటుంది. కాస్త పత్తి, కాస్త మిర్చి, మిగతా రోజుల్లో కూలి. జగదీష్ బోరు బండి మీద డ్రిల్లర్. బోరు బండి వాళ్ల ఇళ్లలో క్యాలెండరే వేరు. ఎండాకాలమంతా ఊళ్లు పట్టుకుని తిరుగుతారు, ఏ జిల్లాలో ఉన్నారో ఇంట్లో వాళ్లకే తెలియదు. నాలుగు వానలు పడి చేను మెత్తబడితే అంత బరువు బండి దిగబడిపోతుంది, పని ఆగుతుంది, మనిషి ఇంటికి వస్తాడు. పెళ్లయిన దగ్గర్నుంచి ద్వాలికి తొలకరి అంటే మొగుడు రావడమే. మబ్బు పట్టగానే అత్త సైదమ్మ ఒక కోడిపుంజును పట్టి గంప కింద మూసేది.

ఆఫ్రికాలో బోర్లు వేసే కంపెనీ ఒకటి మన వైపు డ్రిల్లర్లను తీసుకుపోతుంటే జగదీష్ కూడా వెళ్లాడు. ఇంటి ముందు ఆటో ఎక్కుతూ తల్లితో ఒకటే మాట అన్నాడు.

"వానలు పడంగనే వస్త."

జూన్ వచ్చింది, వానలు వచ్చాయి, గంప కింద పుంజు కూడా సిద్ధంగా ఉంది. మనిషి రాలేదు. ఫోన్ చేస్తే, "ఇక్కడ ఇప్పుడు చలికాలం, చినుకు లేదు. మన దీపావళి దాటినంకనే ఇక్కడ వానలు" అన్నాడు. సైదమ్మ నమ్మలేదు. వానాకాలంలో వానలు పడని దేశం ఉంటుందా, ఎవరికి చెప్తున్నాడు అంది. కొడుకు తనతో అబద్ధమాడటం నేర్చాడని అలిగి కొన్నాళ్లు ఫోన్ ముట్టుకోలేదు కూడా. కానీ అతను చెప్పింది నిజమే. ఇక్కడ మిరపకాయలు ఏరే రోజుల్లో దిగాడు. అత్తాకోడళ్లకు చెరొక రంగురంగుల గుడ్డ తెచ్చాడు. అక్కడ వానలు వెనకబట్టే వేళకు తిరిగి వెళ్లిపోయాడు. మరుసటేడు రాలేనన్నాడు. ఆ పై ఏడు ఫోనే కలవలేదు. కంపెనీ వాళ్లను అడిగితే, అతను పని మానేసి చాలా రోజులైంది, ఎక్కడున్నాడో తమకు తెలియదు అన్నారు.

మనిషి రాకపోవడం ఒక బాధ, దీపావళి ఇంకో బాధ. లంబాడీల ఇళ్లలో దీపావళికి ధబుకార్ చేస్తారు. ఎర్రటి నిప్పుల మీద బెల్లం కలిపిన అన్నం, నెయ్యి వేస్తూ ఇంట్లో చనిపోయిన వాళ్ల పేర్లు ఒక్కొక్కటిగా పిలుస్తారు. పేరు పిలిచిన వాళ్లకు ఆ ముద్ద అందుతుంది. పిలవకపోతే ఆ ఏడంతా వాళ్లు ఆకలితో ఉంటారని ఆ ఇంటి నమ్మకం. అలాగని బతికున్న వాళ్ల పేరు పిలిస్తే అంతకంటే పాపం లేదు.

ఫోన్ ఆగిపోయిన మొదటి దీపావళికే తండాలో మాటలు మొదలయ్యాయి. పేరు పిలవమని కొందరు, వద్దని కొందరు. ఇంట్లో మగదిక్కు లేదు కాబట్టి నిప్పుల ముందు కూర్చునేది సైదమ్మే. "పిలువకుంటే నా కొడుకు ఉపాసముంటడు. పిలిస్తే నేనే చంపిన దాన్నయిత" అని ఆమె మధ్యలో లేచిపోయింది. ఆ మరుసటేడూ అంతే. ఎవరికీ వేయని ఆ ఒక్క ముద్ద విస్తరాకులో మిగిలిపోయేది. దాన్ని ఎవరూ తినరు, పారేయరు. తెల్లారేసరికి చీమలు పట్టేవి.

ద్వాలి వెళ్లాలనుకుంది అందుకు. మొగుడు కావాలని కాదు. ఆ మాట నాతో ఆమే అంది.

"ఉన్నడో లేడో తెలిస్తే చాలక్కా. పేరు పిలువాల్నా వద్దా అని అత్త అడిగితే ఏదో ఒకటి చెప్పాలె గద."

నాకు కోపం వచ్చింది. "అంత దూరం ఒక్కదానివి పోతున్నవ్. గింతేనా నీకు కావాల్సింది?"

"అవ్."

లిఖిత తాను వెళ్తానని గొడవ చేసింది. ద్వాలి ఒప్పుకోలేదు. "పిల్ల పోతే నాయినను చూసి ఏడుస్తది. నాకు ఏడుపు రాదు. నేనే పోత" అంది. ఎండాకాలంలో మిర్చి అమ్మి దాచిన పైకంతో ప్రయాణం పెట్టుకుంది.

దారి చెప్పింది పగిడయ్య. కారేపల్లి వైపు మనిషి, జగదీష్‌తో అదే బండి మీద పని చేసి తిరిగి వచ్చేసినవాడు. మా షాపులో బెంచీ మీద కూర్చుని ద్వాలికి అంతా వివరించాడు. ఎండాకాలంలో వెళ్తే బోరు మనుషులు ఏ మూల ఉంటారో దొరకరు, అక్కడి వానల్లోనే వెళ్లాలి, బండి కదలదు కాబట్టి మనిషి ఒకచోట ఉంటాడు అన్నాడు. జనవరిలో అక్కడ రోడ్లు తెగిపోతాయట కదా, సరదాకు తిరిగేవాళ్లు కూడా వానలు పోయాకే వెళ్తారట కదా అని నేను మధ్యలో దూరాను. ఇద్దరూ నా మాట వినిపించుకోలేదు.

"చిపాటా అని ఒక టౌన్ ఉంటది. దాని చుట్టుపక్కల పల్లెలల్లనే చివరికి పని చేసిండు" అన్నాడు పగిడయ్య. "నీళ్లు పడ్డంక మనోడు గొట్టానికి మూడు పసుపు గీతలు గీసి నడుమ కుంకుమబొట్టు పెట్టేటోడు. వాళ్లమ్మ ఇచ్చిన పసుపు ఒడిసినంక పెయింట్ తోటి పెట్టిండు. పంపు కాడ గద్దె మీద గూడ పెడతడు. గా గీతలు పట్టుకొని పో వదినా, దొరుకుతడు."

సైదమ్మ ఆ మాట విని కొత్త పసుపు పొట్లం ఒకటి కట్టింది. గుడ్డలో పోసి, ఎర్ర దారంతో తనకే వచ్చిన ముడి వేసి కోడలి చేతికిచ్చింది. "ఉంటే ఇయ్యి" అంది. లేకపోతే ఏం చేయాలో చెప్పలేదు.

బ్యాగు లిఖితదే. కాలేజీకి వీపున వేసుకుని పోయే బ్యాగు, జిప్పు చెడిపోతే పిన్నీసులు పెట్టారు. అందులో రెండు చీరలు, ఒక దుప్పటి, అటుకులు, పచ్చడి సీసా, ఆ పసుపు పొట్లం. చీర మీద ఆ బ్యాగు తగిలించుకుని బస్సు కోసం నిలబడ్డ ద్వాలిని చూసి మా సెంటర్‌లో నవ్వనివాళ్లు లేరు. నేనూ నవ్వాను. బస్సు కదిలాక మాత్రం నాకు భయమేసింది.

ఆమె ప్రయాణం చెప్పే తీరు ఇలా ఉంటుంది. విమానం ఎట్లుంది అంటే "చలి" అంది. లుసాకా ఎట్లుంది అంటే "టౌనే" అంది. అది అక్కడి రాజధాని. పగిడయ్య ఎరిగిన తెలుగు వంటమనిషి ఆమెను అక్కడ తూర్పు వైపు బస్సు ఎక్కించాడు. అక్కడి నుంచి ఒక్కతే. మధ్యాహ్నం దాకా ఎండ కాసేది, ఆ తర్వాత ఆకాశం ఒక్కసారిగా నల్లబడి కుమ్మరించేది. పెద్ద రోడ్డు దిగితే అంతా ఎర్రమట్టి. వ్యాను దిగబడితే ఆడామగా దిగి తోసేవారు, ఆమె కూడా తోసింది. చెప్పులు బురదలోనే ఉండిపోయాయి. తడిసిన బ్యాగు వీపు మీద బరువెక్కింది, భుజాలు ఒరుసుకుపోయాయి. బస్టాండుల దగ్గర దొరికిన గదుల్లో, ఒకసారి చర్చి వరండాలో పడుకుంది. ఎటు చూసినా మొక్కజొన్న చేలు, మామిడిచెట్లు, మళ్లీ మొక్కజొన్న చేలు. రోడ్డు పక్కన ఆడవాళ్లు గొడుగంతేసి పుట్టగొడుగులు పట్టుకుని బస్సులకు చూపిస్తూ అమ్ముతున్నారట. మన అడవిలో వానలకు లేచేవాటిలాగే ఉన్నాయా అంటే "పెద్దగున్నయ్" అంది. ఏనుగును చూశావా అని లిఖిత అడిగితే "అది రోడ్డు దాటుతుంటే బస్సు ఆగింది" అంది. అంతే! నాకు ఒళ్లు మండింది. నేను గనక ఆ ఏనుగును చూసి ఉంటే జన్మంతా చెప్పుకునేదాన్ని.

బోర్ల సంగతి మాత్రం కాస్త విడమరిచి చెప్పింది.

మొదటి గీతలు ఒక పల్లె మధ్యలో చేతిపంపు గద్దె మీద కనిపించాయి. పెయింట్ వెలిసిపోయింది గానీ మూడు పసుపు గీతలు, నడుమ ఎర్ర చుక్క స్పష్టంగా ఉన్నాయి. ఆడవాళ్లు బిందెలు పెట్టుకుని నిలబడ్డారు. వాళ్లను అడగాలి, భాష రాదు. భాష మార్చి చెప్పే యాప్ ఒకటి లిఖిత ఫోన్లో పెట్టింది, అక్కడ సిగ్నల్ లేదు. గీతలు చూపించింది, చేతులు తిప్పింది, వాళ్లకు అర్థం కాలేదు. ఇక ఆమె దగ్గర మిగిలింది పేరు ఒక్కటే. పెళ్లయిన తర్వాత మొదటిసారి ద్వాలి మొగుడి పేరు నోటితో పలికింది.

"జగదీష్."

"జగాదీ! జగాదీ!" అని ఆడవాళ్లు చప్పట్లు కొట్టి నవ్వారు. ఒకామె ముందు ఊరి వైపు చెయ్యి చూపించింది. ఇంకొకామె పంపు కొట్టి దోసిట్లో నీళ్లు పోసింది.

"ఎట్లనిపించింది?" అని అడిగాను, ఆశగా.

"నీళ్లు తియ్యగున్నయ్" అంది.

అలా ఊరి నుంచి ఊరికి నడిచింది. పంపు కనిపిస్తే గద్దె మీద బురద కాలితో తుడిచి చూసేది, గీతలుంటే పేరు చెప్పేది, చెయ్యి చూపించిన వైపు వెళ్లేది. అలవాటైపోయింది. కూరగాయల అంగట్లో వంకాయలున్నాయా అని అడిగినట్టే అడిగేదట. వానల్లో అంతటా నీళ్లే అయినా జనం ఆ పంపుల దగ్గరికే వస్తున్నారు. అక్కడి వాళ్లు ఏదిచ్చినా ఎదుటివాళ్లు "జికోమో" అంటారని, అంటే మేలు చేశావని అర్థమని గ్రహించి తనూ అనడం మొదలుపెట్టింది. వచ్చాక కొన్నాళ్లు నేను జిరాక్స్ కాగితం చేతిలో పెట్టినా జికోమో అనేది.

చివరికి ఒక ఊళ్లో కొత్త పంపు కనిపించింది. సిమెంట్ ఇంకా తెల్లగా ఉంది. గద్దె అంతా తుడిచి చూసింది, గొట్టం చుట్టూ చూసింది. గీతల్లేవు. పేరు చెప్తే మాత్రం అక్కడున్న వాళ్లందరూ తల ఊపారు. కంపెనీ మానేశాక వేరే బండి మీద ఈ బోరు వేసిందీ జగాదీయే. అదుగో ఇల్లు అని ఎదురుగా చూపించారు.

"గీతలు లేవు గద అక్కా. ఇగ రాడని అక్కడనే సమజైంది" అంది ద్వాలి.

ఇంటి ముందు మామిడిచెట్టు కింద జగదీష్ సైకిల్ బాగు చేస్తున్నాడు. ఒళ్లు చేశాడు. మెడ మీద ఒక చంటిపిల్ల కూర్చుని అతని జుట్టు పట్టుకుని ఉంది. పిల్ల రంగు వేరు, కళ్లు మాత్రం సైదమ్మవి. వసారాలో ఒకామె వేరుశనగ కాయలు ఒలుస్తోంది. జగదీష్ తలెత్తి చూసి లేచాడు. చేతిలో పానా అలాగే ఉంది.

"ఎట్ల వచ్చినవ్?"

"బస్సుల."

"వానలల్ల ఎందుకొచ్చినవ్?"

"వానలల్ల పని ఉండదు గద" అంది ద్వాలి.

అతను ఆ ఆడమనిషి వైపు తిరిగి వాళ్ల భాషలో ఏదో చెప్పాడు. ఆమె పేరు మెర్సీ. మొహమంతా నవ్వు పెట్టుకుని లేచి వచ్చి ద్వాలి చేతులు రెండూ పట్టుకుంది. "మా చెల్లె అని చెప్పిన" అన్నాడు జగదీష్, నేల చూస్తూ. "ఏమనుకోకు."

"సరె" అంది ద్వాలి.

ఇది విన్నప్పుడు నేను కౌంటర్ మీద గట్టిగా చరిచాను. "సరె ఏంది? ఆ పానా తీసుకుని నెత్తి మీద ఒక్కటియ్యక! చెల్లె అంట చెల్లె!" ద్వాలి నా వైపు ఓపికగా చూసింది. ఆ కోపం రావాల్సింది ఆమెకు. నాకెందుకు వస్తోందో తెలియనట్టు చూసింది.

వాన పట్టుకుంది. మధ్యలో వాగు పొంగింది, ఆ పూట తిరిగి వెళ్లే దారి లేదు. మొగుడి ఇంట్లో ఆడబిడ్డగా ఒక రాత్రి ఉండాల్సి వచ్చింది. తినే ముందు మెర్సీ చెంబూ పళ్లెమూ తెచ్చి, ద్వాలి ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఆమె చేతుల మీద నీళ్లు పోసి కడిగించింది. ఇంటికొచ్చిన వాళ్లకు అక్కడ అలా చేస్తారట. మొక్కజొన్న సంకటి, పుట్టగొడుగుల కూర పెట్టింది. ఉన్న ఒక్క మంచమూ ఆమెకే వేసింది. చంటిది పాక్కుంటూ వచ్చి ఆమె పక్కనే నిద్రపోయింది.

"అప్పుడన్నా ఏడుపు రాలేదా?"

"రాలేదక్కా. చేతుల మీద నీళ్లు పోస్తున్నప్పుడు ఒక్కసారి చేతులు గుంజుకోబుద్ధయింది. మళ్ల పోయింది. నాకు ఏం అనిపిస్తలేదు. ఇప్పటిదాంక ఏం అనిపిస్తలేదు."

పొద్దున జగదీష్ రోడ్డు దాకా వచ్చాడు. లిఖిత ఏం చదువుతోందని అడిగాడు. పత్తి ఎట్లుందని అడిగాడు. ద్వాలి అన్నిటికీ జవాబు చెప్పింది. బ్యాగులోంచి పసుపు పొట్లం తీసి "మీ అమ్మ ఇచ్చింది" అంది. అతను దాని వైపు చూశాడు గానీ చెయ్యి చాపలేదు. "ఇక్కడ ఎందుకు? తీసుకపో" అన్నాడు. ఆమె మళ్లీ బ్యాగులో పెట్టేసుకుంది.

"అత్తకు ఏం చెప్పాలె?"

అతను రోడ్డు వైపు చూస్తూ, "వానలు పడంగనే వస్తనని చెప్పు" అన్నాడు.

"ఏ వానలు?"

వ్యాను వచ్చింది, ఎక్కింది.

ఆమె తిరిగి వచ్చేసరికి మన దగ్గర ఎండలు ముదురుతున్నాయి. ఆ రోజు నేనూ తండాలోనే ఉన్నాను. ఇంటి ముందు జనం చేరారు. సైదమ్మ గడపలో కూర్చుంది. అడగలేక, అడగకుండా ఉండలేక కోడలి కాళ్ల దగ్గరి బ్యాగునే చూస్తోంది.

"ఉన్నడు" అంది ద్వాలి. "మంచిగున్నడు. వానలు పడంగనే వస్తనన్నడు."

జనం ఊపిరి పీల్చుకున్నారు. తండా పెద్దమనిషి, చూశారా, పేరు పిలవకుండా మంచి పని చేశాం అన్నాడు. సైదమ్మ బ్యాగు తీసుకుని లోపలికి వెళ్లి తనే సామాన్లు సర్దింది.

అసలు సంగతి ద్వాలి నాకొక్కదానికే చెప్పింది. లిఖితకు తర్వాతెప్పుడో తెలిసింది. నేను నెల రోజులు ఆమెతో పోట్లాడాను. ముసలామెకు నిజం చెప్పమన్నాను. లేకపోతే చచ్చాడనైనా చెప్పమన్నాను, ఆ రెండూ దీనికంటే నయం అన్నాను. "నేనేం అబద్ధం చెప్పలేదక్కా. ఆయనేం చెప్పమంటే గదే చెప్పిన" అంది. మళ్లీ మిరప చేలోకి కూలికి వెళ్లింది. తినేది, పడుకునేది, లేచేది. మాట్లాడిస్తే మాట్లాడేది. తండా ఆడవాళ్లు మొగుడి కబురు తెచ్చిన దానివి, మొహంలో కళ లేదేంది అని వేళాకోళం చేస్తే ఊరుకునేది.

జూన్‌లో మబ్బు పట్టింది. సైదమ్మ పుంజును పట్టి గంప కింద మూసింది. ఆ రోజు తండా వైపు వెళ్లి అది చూసి వచ్చాక నాకు అన్నం సహించలేదు. ఆ ఏడు వానలు దంచి కొట్టాయి. భద్రాచలం దగ్గర గోదావరి ఎక్కింది, పర్ణశాల దారి కొన్నాళ్లు మునిగింది, మా షాపులో సర్వర్ రోజుల తరబడి రాలేదు. వాన పడ్డప్పుడల్లా సైదమ్మ గడపలో కూర్చుని రోడ్డు వైపు చూసేది. ద్వాలి ఆమె పక్కనే కూర్చుని పల్లికాయలో, చిక్కుడు కాయలో ఏవో ఒలుస్తూ ఉండేది. గంప కింద పుంజు కూస్తూ ఉండేది. బతుకమ్మ వెళ్లిపోయి, ఆకాశం తెల్లబడి, చలి మొదలయ్యాక సైదమ్మ గంప లేపి పుంజును వదిలేసింది.

దీపావళికి ద్వాలి నన్ను పిలిచింది. ఎప్పుడూ పిలవని మనిషి పిలిచింది కదా అని వెళ్లాను. పొద్దున ఇల్లంతా అలికి, వాకిట్లో నిప్పులు పోశారు. చుట్టాలు, తండా పెద్దమనిషి చుట్టూ నిలబడ్డారు. విస్తరాకులో బెల్లమన్నం, పక్కన నెయ్యి. సైదమ్మ నిప్పుల ముందు కూర్చుంది. మామ పేరు పిలిచి ఒక ముద్ద వేసింది. అత్త పేరు పిలిచింది, భర్త పేరు పిలిచింది. ఆమె వయసులో ఉన్నప్పుడు పురిట్లోనే పోయిన బిడ్డకు పేరు లేదు, "బిడ్డా" అని పిలిచి చిన్న ముద్ద వేసింది. నెయ్యి చిటపటలాడింది. అయిపోయిందనుకుని జనం కదిలారు.

సైదమ్మ లేవలేదు. నడుముకు కట్టుకున్న సంచిలోంచి ఒక గుడ్డ పొట్లం తీసింది. ఎర్ర దారం, దానికి ఆమె వేసిన ముడి అలాగే ఉంది. ఎవరూ విప్పలేదు. బ్యాగు సర్దిన రోజు నుంచీ అది ఆమె నడుముననే ఉందని అప్పుడు అర్థమైంది. ద్వాలి వైపు చూశాను. ద్వాలి పొట్లాన్ని చూస్తోంది. అన్నేసి ఊళ్లు దాటి వచ్చింది, దాన్ని దారిలో ఏ వాగులోనో పడేయాలని ఆమెకు తోచనే లేదు.

ముసలామె ముడి విప్పింది. పసుపు నిప్పుల మీద పోసింది, పైన అన్నం ముద్ద పెట్టింది.

"జగదీష్" అని పిలిచింది.

తండా పెద్దమనిషి ముందుకొచ్చాడు. "ఏం జేస్తున్నవే ముసల్దానా? బతికున్నోడు గద! నీ కోడలు కండ్లార చూసొచ్చింది గద!"

"వానలు పడ్డయ్" అంది సైదమ్మ. గొంతు పెద్దగా ఏమీ లేదు. "వానలు పోయినయ్. నా చేతి ముడి నా దగ్గరికే వచ్చింది. నా పసుపు ముట్టనోడు ఎవలో నాకు తెల్వది. నా కొడుకు లేడు."

"నానమ్మా" అంటూ లిఖిత అడుగు ముందుకేసి ఆగిపోయింది. సైదమ్మ కోడలి వైపు విస్తరాకు జరిపింది.

"నువ్వు గూడ పిలువు."

పెద్దమనిషి ఇంకా ఏదో అంటున్నాడు, వద్దంటున్నాడు. ద్వాలి వచ్చి అత్త పక్కన కూర్చుంది. విస్తరాకులో మిగిలిన ఆ ఒక్క ముద్ద చేతిలోకి తీసుకుంది. నా షాపులో నలుగురి ముందు పలకలేక కూతురి వైపు తిరిగిన మనిషి, ఊరి వాళ్లందరి ముందు తల వంచకుండా పలికింది.

"జగదీష్."

పంపుల దగ్గర ఎలా అడిగిందో అలాగే, ఎత్తూ పల్లం లేకుండా. ముద్ద నిప్పుల మీద పెట్టింది. అది మాడి నల్లబడే దాకా కూర్చుంది. విస్తరాకులో ఏమీ మిగల్లేదు.

సైదమ్మ లేచి లోపలి నుంచి చెంబు తెచ్చింది. ద్వాలి చేతులకు బెల్లం, నెయ్యి అంటుకుని ఉన్నాయి. ఆ ముసలామె మోకాళ్లు పట్టుకుని మెల్లగా కోడలి ముందు కూర్చుని, ఆమె చేతుల మీద నీళ్లు పోసింది.

అప్పుడు ద్వాలి ఏడ్చింది. నోరు తెరిచి, పెద్దగా, తండా అంతా వినేలా ఏడ్చింది. సైదమ్మ నీళ్లు పోయడం ఆపలేదు, చెంబు ఖాళీ అయితే లిఖిత నింపి తెచ్చింది.